మేధావుల బీజేపీ, మాస్ బీజేపీ: జైపూర్ బొగ్గు నేల నుంచి చూస్తే

2016 ఆగస్టు 7న ప్రధాని నరేంద్ర మోదీ గజ్వేల్ దగ్గర కోమటిబండలో సభ పెట్టారు. మిషన్ భగీరథను ప్రారంభించిన ఆ వేదిక మీదనుంచే మంచిర్యాల పక్కనున్న జైపూర్‌లో సింగరేణి కట్టిన 1200 మెగావాట్ల థర్మల్ విద్యుత్ కేంద్రాన్ని జాతికి అంకితం చేశారు. రామగుండంలో ఎన్‌టీపీసీ కొత్త యూనిట్లకు, ఎరువుల కర్మాగార పునరుద్ధరణకు శంకుస్థాపన చేసిందీ అక్కడే. బొగ్గు నేలకు సంబంధించిన మూడు పెద్ద పనులు ఆ నేలకు ఎంతో దూరంలో, ఒకే పూటలో పూర్తయ్యాయి. నాలుగేళ్ళు తిరక్కుండానే 2020 జూన్ 18న అదే ప్రధాని ప్రైవేటు కంపెనీలకు వాణిజ్య బొగ్గు గనుల వేలాన్ని ప్రారంభించారు. రెండు వారాల తర్వాత, జూలై 2 నుంచి 4 దాకా, కోల్ ఇండియాలోనూ సింగరేణిలోనూ కార్మికులు సమ్మె చేశారు. సమ్మెకు పిలుపిచ్చిన సంఘాల్లో ఎర్రజెండా సంఘాలతో పాటు భారతీయ మజ్దూర్ సంఘ్ కూడా ఉంది. ఆర్‌ఎస్‌ఎస్ కుటుంబానికి చెందిన సంఘం బీజేపీ ప్రభుత్వం మీద సమ్మె చేసిందన్నమాట.

దీన్ని ఎలా అర్థం చేసుకోవాలి? ఆ పార్టీలో నిజంగానే రెండు ఆలోచనలున్నాయా? ఉంటే వాటిలో ఏదైనా దళితులకు, గని కార్మికులకు పనికొస్తుందా? విద్యార్థి సంఘాల మిత్రులు, బస్తీల్లో పనిచేసే కార్యకర్తలు మమ్మల్ని తరచూ అడిగే ప్రశ్నలివి. బీజేపీని ఒకే గోడలా చూసేవాళ్ళు ఉన్నారు. "వాళ్ళలో మంచివాళ్ళు వేరు, రెచ్చగొట్టేవాళ్ళు వేరు" అనేవాళ్ళూ ఉన్నారు. రెండు మాటలూ సగం నిజాలే అని మేము అనుకుంటున్నాం. చీలిక ఉంది, కానీ అది మనం అనుకునే చోట లేదు. ఈ వ్యాసం ఆ చీలిక చరిత్రను, తెలంగాణలో దాని రూపాన్ని, జైపూర్ లాంటి చోట దాని ఫలితాన్ని ఒక్కచోట పెట్టే ప్రయత్నం.

రెండు రెక్కలు అంటే ఎవరు?

సంప్రదాయవాద పార్టీలన్నింట్లోనూ ఇలాంటి రెండు రెక్కలు కనిపిస్తాయి. ఒకటి మేధో రెక్క. సిద్ధాంత గ్రంథాలు, అధ్యయన వేదికలు, పత్రికలు, పట్టభద్రుల సభలు, తీర్మానాలు దీని పనిముట్లు. రెండోది జనాకర్షక రెక్క. యాత్రలు, గుడి ముందు ప్రమాణాలు, శత్రువును పేరు పెట్టి తిట్టే ప్రసంగాలు, ఫోన్లలో తిరిగే వీడియోలు దీని పనిముట్లు. అమెరికాలో రిపబ్లికన్ల మేధో పత్రికగా పేరున్న నేషనల్ రివ్యూ 2016 జనవరిలో డొనాల్డ్ ట్రంప్‌కు వ్యతిరేకంగా ప్రత్యేక సంచికే వేసింది. అదే ఏడాది ఆ పార్టీ ట్రంప్‌నే అభ్యర్థిగా నిలబెట్టింది. మేధో రెక్క పార్టీకి మర్యాద తెస్తుంది, జనాకర్షక రెక్క ఓట్లు తెస్తుంది. రెండింటికీ తగువు వచ్చినప్పుడు ఓట్లు తెచ్చేదే గెలవడం చాలా దేశాల్లో చూశాం.

అయితే ఇక్కడ ఒక తేడా ఉంది. మన దగ్గర ఈ రెండు రెక్కలూ మొలిచింది ఒకే శాఖ మైదానంలో. మేధో రెక్కకు గుర్తుగా చెప్పే బండారు దత్తాత్రేయ ఆర్‌ఎస్‌ఎస్ ప్రచారక్‌గా పనిచేసినవారు. జనాకర్షక రెక్కకు ముఖమైన బండి సంజయ్ కూడా సంఘ్‌లో, ఏబీవీపీలో పెరిగినవారే. అందుకే 'సంఘ్ వాళ్ళు', 'బయటి వాళ్ళు' అని గీత గీస్తే లెక్క తప్పుతుంది. అగ్రకులాలు మేధో రెక్క, బీసీలు జనాకర్షక రెక్క అని గీసినా తప్పుతుంది. దత్తాత్రేయ, డాక్టర్ కె. లక్ష్మణ్ ఇద్దరూ బీసీలే. గీత ఉన్నది పద్ధతి దగ్గర: పుస్తకం పట్టుకుని రావాలా, మైకు పట్టుకుని రావాలా అన్న దగ్గర.

విజయవాడ, 1965

సంఘ్ రాజకీయాల మేధో పునాది ఎక్కడో ఉత్తరాదిలో పడిందని చాలామంది అనుకుంటారు. దీన్‌దయాళ్ ఉపాధ్యాయ రూపొందించిన ఏకాత్మ మానవతావాదాన్ని భారతీయ జనసంఘ్ తన సిద్ధాంతంగా ఆమోదించింది 1965 జనవరిలో, విజయవాడ సమావేశంలో. ఆ ఏడాది ఏప్రిల్‌లో ఉపాధ్యాయ బొంబాయిలో నాలుగు ఉపన్యాసాలిచ్చి దాన్ని వివరించారు. 1980లో పుట్టిన బీజేపీ మొదట గాంధేయ సోషలిజం అన్నా, 1985లో ఏకాత్మ మానవతావాదాన్నే తన మూల తత్వంగా రాసుకుంది. నేటికీ పార్టీ శిక్షణ తరగతుల్లో చెప్పేది ఇదే.

ఆ సిద్ధాంతంలో దళితులకు సంబంధించిన కీలకం ఒకటే. సమాజం ఒక శరీరం, దాని భాగాల మధ్య పోటీ ఉండదు, పరస్పర పూరకత ఉంటుంది అని అది చెబుతుంది. నాలుగు వర్ణాలను విరాట్ పురుషుడి అవయవాలతో పోల్చడాన్ని ఉపాధ్యాయ సమర్థనగా వాడుకున్నారు. అంటే కుల ఘర్షణ రోగం, కుల సామరస్యం ఆరోగ్యం. వినడానికి బాగుంటుంది. కానీ శరీరంలో కాలు ఎప్పటికీ కాలుగానే ఉంటుంది. అంబేడ్కర్ 1936లోనే కుల నిర్మూలన గురించి రాస్తూ ఈ వాదం మూలాన్నే కొట్టారు. కులం పనులను పంచే ఏర్పాటుగా కనబడినా, నిజానికి పని చేసేవాళ్ళనే విడగొట్టి మెట్లుగా పేర్చుతుందని చూపించారు. బొగ్గు నేలలో దీనికి వేరే వివరణ అక్కర్లేదు. భూగర్భ గనుల్లో తట్టా చెమ్మస్ పట్టిన కోల్ ఫిల్లర్లు ఏ కులాల నుంచి వచ్చారో, ఆఫీసు కుర్చీల్లో ఏ కులాల వాళ్ళు కూర్చున్నారో పాత కార్మికులను అడిగితే చెబుతారు.

మేధో రెక్క ఈ విమర్శకు ఇచ్చిన జవాబు పేరు సమరసత. బీఎంఎస్ స్థాపకుడు దత్తోపంత్ థేంగ్డీ 1983 ఏప్రిల్ 14న, అంబేడ్కర్ జయంతి నాడు, పుణెలో సామాజిక సమరసతా మంచ్ మొదలుపెట్టారు. మన దగ్గర అది సామాజిక సమరసతా వేదికగా పనిచేస్తోంది. రెండు గ్లాసుల పద్ధతి పోవాలి, గుడిలోకి అందరినీ రానివ్వాలి, శ్మశానం ఒకటే కావాలి అంటుంది. ఇవి అక్కర్లేని పనులని మేము అనడం లేదు. కానీ సమరసత అనే మాటలో సమానత్వం అనే మాట ఎందుకు లేదన్నది అడగాల్సిన ప్రశ్న. 2018 ఏప్రిల్‌లో హైదరాబాద్ జియాగూడ రంగనాథస్వామి గుడిలోకి ఒక దళిత భక్తుణ్ణి అర్చకుడు భుజాల మీద మోసుకెళ్ళిన దృశ్యం దేశమంతా ప్రచారమైంది. మోసినవారి ఉద్దేశాన్ని మేము శంకించడం లేదు. దళితుడు లోపలికి వెళ్ళాడు, అర్చకత్వం మాత్రం ఉన్నచోటే ఉంది. సమరసతకూ కుల నిర్మూలనకూ మధ్య దూరం ఎంతో ఆ దృశ్యం చెబుతుంది.

బంగారు లక్ష్మణ్ పాఠం

మేధో రెక్క దళితులకు ఎంత దూరం తలుపు తీయగలదో చూడాలంటే మన తెలుగువాడైన బంగారు లక్ష్మణ్ జీవితం చూడాలి. 1939లో హైదరాబాద్‌లో పుట్టిన ఆయన చిన్నప్పటినుంచీ సంఘ్‌తో నడిచారు. వాజపేయి ప్రభుత్వంలో రైల్వే సహాయ మంత్రిగా చేశారు. 2000లో బీజేపీ జాతీయ అధ్యక్షుడయ్యారు. ఆ పదవిలోకి వచ్చిన తొలి దళితుడు ఆయనే. అదే ఏడాది ఆగస్టులో నాగ్‌పూర్‌లో జరిగిన జాతీయ మండలి సమావేశంలో ఆయన పార్టీ తలుపులను దళితులకు, ఆదివాసులకు, ముస్లింలకు తెరవాలని అధ్యక్షోపన్యాసంలో చెప్పారు. ముస్లింల గురించి మాట్లాడేటప్పుడు ఉపాధ్యాయనే ఆధారంగా చూపారు. మేధో రెక్క తన భాషలో చెప్పగలిగిన అత్యంత ఉదారమైన మాట అదే.

ఏడాది తిరగకుండానే, 2001 మార్చిలో తెహెల్కా రహస్య కెమెరాలో డబ్బు తీసుకుంటూ దొరికి ఆయన రాజీనామా చేశారు. 2012లో కోర్టు నాలుగేళ్ళ శిక్ష వేసింది. 2014 మార్చి 1న చనిపోయారు. ఆయన తప్పును మేము వెనకేసుకు రావడం లేదు. మా ప్రశ్న వేరు. ఒక వ్యక్తిని పైకి తీసుకురావడం వేరు, ఒక సమూహానికి అధికారంలో చోటివ్వడం వేరు. వ్యక్తి పడిపోతే తలుపు మూసుకుపోయే ఏర్పాటును ప్రాతినిధ్యం అనలేం. తెలంగాణ ఏర్పడిన తర్వాత రాష్ట్ర బీజేపీ అధ్యక్షులుగా జి. కిషన్‌రెడ్డి, కె. లక్ష్మణ్, బండి సంజయ్, మళ్ళీ కిషన్‌రెడ్డి, తర్వాత ఎన్. రామచందర్‌రావు వచ్చారు. రెడ్డి ఉన్నారు, బీసీలు ఉన్నారు, బ్రాహ్మణుడు ఉన్నారు. దళితుడు లేడు. రెండు రెక్కల నుంచీ అధ్యక్షులు వచ్చారన్నది గమనించండి.

తెలంగాణలో రెక్కలు మారిన తీరు

సమైక్య రాష్ట్రంలో బీజేపీ అంటే ఎక్కువగా నగర పార్టీ. వకీళ్ళు, అధ్యాపకులు, వ్యాపారుల పార్టీ. మెట్‌పల్లి నుంచి గెలుస్తూ వచ్చి తర్వాత కరీంనగర్ ఎంపీగా, మహారాష్ట్ర గవర్నర్‌గా పనిచేసిన సిహెచ్. విద్యాసాగర్‌రావు, గవర్నర్ అయిన వి. రామారావు లాంటివాళ్ళు అసెంబ్లీలో ప్రశ్నలు వేసే తీరుకు పేరుపొందారు. కాకినాడలో చేసిన 'ఒక ఓటు, రెండు రాష్ట్రాలు' తీర్మానం ఆ కాలపు పద్ధతికి మంచి ఉదాహరణ. కాగితం మీద రాసి, చర్చించి, తీర్మానించి, తర్వాత పొత్తు కోసం పక్కన పెట్టేశారు.

2020 మార్చిలో బండి సంజయ్ అధ్యక్షుడయ్యాక పద్ధతి మారింది. ఆ ఏడాది నవంబర్‌లో దుబ్బాక ఉప ఎన్నిక గెలిచారు, డిసెంబర్‌లో హైదరాబాద్ నగర పాలక సంస్థలో 48 డివిజన్లు తెచ్చుకున్నారు. 2021 ఆగస్టు 28న చార్మినార్ పక్కన భాగ్యలక్ష్మి గుడి నుంచి ప్రజా సంగ్రామ యాత్ర మొదలైంది. ఎక్కడ మొదలుపెట్టారన్నదే అసలు సందేశం. అదే ఏడాది జూన్‌లో, విద్యార్థి దశలో వామపక్షంలో పనిచేసి టీఆర్ఎస్‌లో మంత్రిగా ఎదిగిన ఈటల రాజేందర్ పార్టీలో చేరారు. నవంబర్‌లో హుజూరాబాద్ గెలిచారు. ఆ ఉప ఎన్నిక వేడిలోనే కేసీఆర్ ప్రభుత్వం దళితబంధును అక్కడ ప్రారంభించిందన్నది మనవాళ్ళు మరచిపోకూడదు. దళితుల పేరు మీద ఒక పెద్ద పథకం రావడానికి ఒక బీసీ నాయకుడి ఫిరాయింపు కారణమైంది.

2023 జూలై 4న, ఎన్నికలకు కొన్ని నెలల ముందు, అధిష్ఠానం సంజయ్‌ను తప్పించి కిషన్‌రెడ్డిని కూర్చోబెట్టింది. మైకును దించి ఫైలును ఎక్కించింది. ఆ డిసెంబర్‌లో పార్టీకి 8 అసెంబ్లీ సీట్లు వచ్చాయి. 2024 లోక్‌సభ ఎన్నికల్లో 17లో 8 గెలిచింది. 2025 జూన్ 30న, రామచందర్‌రావు అధ్యక్షుడవుతున్నారని తేలగానే, గోషామహల్ ఎమ్మెల్యే టి. రాజాసింగ్ రాజీనామా చేశారు. జూలై 11న పార్టీ దాన్ని ఆమోదించింది. రామచందర్‌రావు న్యాయవాది, గతంలో పట్టభద్రుల నియోజకవర్గం నుంచి ఎమ్మెల్సీ. రాజాసింగ్ విద్వేష ప్రసంగాల కేసులతో పేరుపొందినవారు. 2022 ఆగస్టులో పార్టీయే ఆయన్ని సస్పెండ్ చేసి, 2023 అక్టోబర్‌లో, సరిగ్గా ఎన్నికల ముందు, వెనక్కి తీసుకుంది. జనాకర్షక రెక్కను మేధో రెక్క ఎప్పుడు దూరం పెడుతుందో, ఎప్పుడు దగ్గరికి తీస్తుందో ఆ రెండు తేదీలే చెబుతాయి.

ఈ కొట్లాట నిజమైనదే. పదవులు పోతున్నాయి, మనుషులు బయటికి పోతున్నారు, 2025 జూలైలో ఈటల, సంజయ్ వర్గాల విభేదాలు రోడ్డు మీదికి వచ్చాయి. కానీ ఈ తగాదాల్లో ఎక్కడైనా భూమి, కులం, కూలీ, రిజర్వేషన్ అనే మాట మీద ఇద్దరు నాయకులు విడిపోయారా? మేము వెతికినంతలో కనిపించలేదు. ఎవరు నాయకుడన్న దాని మీద, ఏ గొంతుతో మాట్లాడాలన్న దాని మీద మాత్రమే విడిపోయారు.

బొగ్గు దగ్గర తేలే నిజం

ఒక్కచోట మాత్రం సిద్ధాంతపు చీలిక కనిపిస్తుంది. అది బొగ్గు. థేంగ్డీ 1955 జూలై 23న బీఎంఎస్‌ను స్థాపించారు. 1991 ఆర్థిక విధానాల తర్వాత స్వదేశీ జాగరణ్ మంచ్‌ను నిలబెట్టారు. విదేశీ పెట్టుబడులను, ప్రపంచ వాణిజ్య సంస్థ ఒప్పందాలను వాజపేయి ప్రభుత్వం కాలంలో కూడా బహిరంగంగా ఎదిరించారు. కరీంనగర్ ప్రాంతం నుంచి వచ్చిన పి. మురళీధర్‌రావు ఆ మంచ్‌కు జాతీయ కన్వీనర్‌గా పనిచేసి, తర్వాత బీజేపీలో జాతీయ బాధ్యతల్లోకి వెళ్ళారు. అంటే స్వదేశీ వాదం ఈ నేలకు తెలియని సరుకు కాదు.

2015 జనవరిలో బొగ్గు కార్మికుల దేశవ్యాప్త సమ్మెలో బీఎంఎస్ ఉంది. 2020 జూలై సమ్మెలోనూ ఉంది. అది నిజాయితీగా ఒప్పుకోవాల్సిన విషయం. కానీ సమ్మె ముగిశాక ఏమైంది? వేలాలు ఆగలేదు. 2021 డిసెంబర్‌లో కోయగూడెం, సత్తుపల్లి, శ్రావణపల్లి, కళ్యాణిఖని బ్లాకుల వేలానికి వ్యతిరేకంగా సింగరేణి కార్మికులు మూడు రోజులు మళ్ళీ సమ్మె చేశారు. 2024 జూన్ 21న పదో విడత వేలం హైదరాబాద్‌లోనే మొదలైంది. దాన్ని ప్రారంభించింది బొగ్గు శాఖ మంత్రి జి. కిషన్‌రెడ్డి. ఆ జాబితాలో మంచిర్యాల జిల్లా శ్రావణపల్లి బ్లాకు ఉంది. స్వదేశీ అని పుస్తకంలో రాసిన కుటుంబం, మన జిల్లా గనిని వేలం పాటలో పెట్టింది. ఆ పని చేసింది వీధి ప్రసంగాల నాయకుడు కాదు, పెద్దమనిషి తరహా నాయకుడు.

ఇక్కడ ఒక అయోమయం తీర్చాలి. 2022 నవంబర్ 12న రామగుండం ఎరువుల కర్మాగారాన్ని జాతికి అంకితం చేస్తూ ప్రధాని, సింగరేణిని ప్రైవేటుపరం చేసే ఆలోచన లేదని, 51 శాతం వాటా రాష్ట్రానిదైనప్పుడు 49 శాతమున్న కేంద్రం ఎలా అమ్ముతుందని అన్నారు. మాట తప్పు కాదు. కంపెనీని అమ్మడం లేదు. కానీ బొగ్గు గనికి ఆయుష్షు ఉంటుంది. పాత గనులు మూతపడుతుంటే కొత్త బ్లాకులు రాకపోతే కంపెనీ దానంతట అదే కుదించుకుపోతుంది. అమ్మకుండానే ఆరిపోయే దారి అది. 1990ల మొదట్లో లక్ష దాటిన సింగరేణి కార్మికుల సంఖ్య ఇప్పుడు 40 వేల చుట్టూ ఉంది. ఆ తగ్గుదలలో కాంగ్రెస్, తెలుగుదేశం, బీఆర్ఎస్ ప్రభుత్వాల వాటా కూడా ఉంది. దాన్ని దాచి ఒక్క బీజేపీనే నిందించడం న్యాయం కాదు.

దళితులకు ఇందులో ఏముంది? ప్రభుత్వ రంగ సంస్థ కాబట్టి సింగరేణి నియామకాల్లో ఎస్సీలకు 15 శాతం రిజర్వేషన్ ఉంది. ప్రైవేటు కంపెనీ చేతికి వెళ్ళిన బ్లాకులో ఆ నియమం వర్తించదు. మట్టి తొలగించే పని, లారీల పని, విద్యుత్ కేంద్రాల్లో ఊడ్చే పని, బూడిద ఎత్తే పని ఇప్పటికే కాంట్రాక్టర్ల కింద నడుస్తున్నాయి. అక్కడ రిజర్వేషన్ అడిగే చోటే లేదు. ఇందారం ఓపెన్‌కాస్ట్, పెగడపల్లి దగ్గరి విద్యుత్ కేంద్రం రెండూ ఉన్న జైపూర్ మండలంలో ఇంటర్, ఐటీఐ, డిగ్రీ చదివిన దళిత యువకుడి ముందు రెండు దారులున్నాయి: సింగరేణి పర్మినెంట్ నోటిఫికేషన్ కోసం ఎదురుచూడడం, లేదా కాంట్రాక్టర్ దగ్గర చేరడం. ప్రతి బ్లాకు వేలం మొదటి దారిని ఇంకాస్త ఇరుకు చేస్తుంది. అందుకే బొగ్గు వేలం మనకు రిజర్వేషన్ సమస్య కూడా.

దీనిమీద జనాకర్షక రెక్క ఏమంటుంది? చాలాసార్లు ఏమీ అనదు. సింగరేణి ప్రాంతంలో సభ పెట్టినప్పుడు రాష్ట్ర ప్రభుత్వపు అవినీతి మీద, కుటుంబ పాలన మీద మాట్లాడుతుంది. వేలం మాట వస్తే దాటవేస్తుంది. మేధో రెక్క వేలాన్ని సమర్థిస్తుంది, జనాకర్షక రెక్క దాన్ని కనబడకుండా కప్పుతుంది. సంతకం పెట్టేది ఒకరు, డప్పు కొట్టేది మరొకరు.

వర్గీకరణ దగ్గర

మేధో రెక్క దళితులను వ్యక్తులుగా పిలిచింది. జనాకర్షక రెక్క ఉపకులాలుగా పిలిచింది. 2023 నవంబర్ 11న సికింద్రాబాద్ పరేడ్ గ్రౌండ్స్‌లో జరిగిన మాదిగ విశ్వరూప సభకు ప్రధాని వచ్చి, మంద కృష్ణ మాదిగ పక్కన నిలబడి, వర్గీకరణకు కమిటీ వేస్తామన్నారు. 1994లో ఈదుముడి నుంచి మొదలైన దండోరా ఉద్యమం దాదాపు ముప్పై ఏళ్ళు ఎదురుచూసిన గుర్తింపు అది. కేంద్రం సుప్రీంకోర్టులో వర్గీకరణను సమర్థించింది. 2024 ఆగస్టు 1న ఏడుగురు న్యాయమూర్తుల ధర్మాసనం 6–1 మెజారిటీతో రాష్ట్రాలకు ఆ అధికారం ఉందని చెప్పింది. 2025 ఏప్రిల్ 14 నుంచి తెలంగాణలో కాంగ్రెస్ ప్రభుత్వం 59 కులాలను మూడు గ్రూపులుగా చేసి 1, 9, 5 శాతాలుగా అమలు మొదలుపెట్టింది. మాదిగలు రెండో గ్రూపులో, మాలలు మూడో గ్రూపులో ఉన్నారు.

వర్గీకరణ న్యాయమైన డిమాండ్ అని ఒప్పుకుంటూనే ఒక మాట చెప్పాలి. పంచే రొట్టె చిన్నదవుతుంటే ముక్కల కొలతలు సరిచేయడం సరిపోదు. వర్గీకరణకు వేదికెక్కిన పార్టీయే ప్రభుత్వ రంగ ఉద్యోగాలను కుదిస్తున్నప్పుడు, 9 శాతం దేనిలో 9 శాతం అన్న ప్రశ్న మాదిగ యువకుడిదే, 5 శాతం దేనిలో 5 శాతం అన్న ప్రశ్న మాల యువకుడిదే. ఇద్దరూ ఆ ప్రశ్నను కలిసి అడిగితేనే దానికి బలం.

రిజర్వుడు సీట్ల లెక్క

ఇక ఫలితాలు చూద్దాం. 2023లో బీజేపీ గెలిచిన 8 అసెంబ్లీ స్థానాలు సిర్పూర్, ఆదిలాబాద్, నిర్మల్, ముధోల్, ఆర్మూర్, కామారెడ్డి, నిజామాబాద్ అర్బన్, గోషామహల్. అన్నీ జనరల్ స్థానాలే. రాష్ట్రంలోని 19 ఎస్సీ స్థానాల్లో ఒక్కటీ రాలేదు, 12 ఎస్టీ స్థానాల్లోనూ ఒక్కటీ రాలేదు. 2024 లోక్‌సభలో 8 సీట్లు వచ్చినా పెద్దపల్లి, వరంగల్, నాగర్‌కర్నూల్ అనే మూడు ఎస్సీ స్థానాలూ కాంగ్రెస్‌కు పోయాయి. ఎస్టీ స్థానమైన ఆదిలాబాద్‌ను మాత్రం బీజేపీ 2019లోనూ 2024లోనూ గెలిచింది.

జైపూర్ మండలం చెన్నూరు ఎస్సీ అసెంబ్లీ స్థానంలో, పెద్దపల్లి ఎస్సీ లోక్‌సభ స్థానంలో ఉంది. ఇక్కడి కథ రెండు రెక్కల గురించి చాలా చెబుతుంది. ఈ ప్రాంతపు ప్రముఖ దళిత నాయకుడు జి. వెంకటస్వామి కుమారుడు వివేక్ 2019లో బీజేపీలో చేరారు. 2023 ఎన్నికలకు మేనిఫెస్టో కమిటీ అధ్యక్షుడిగా ఆయన్ని పెట్టారు. అంటే పార్టీ ఆలోచనను కాగితం మీద పెట్టే పని దళిత నాయకుడి చేతికి ఇచ్చారు. పోలింగ్‌కు నెల రోజుల ముందు, నవంబర్ 1న, ఆయన రాజీనామా చేసి కాంగ్రెస్‌లోకి వెళ్ళారు. చెన్నూరులో గెలిచారు, 2025లో మంత్రి అయ్యారు. 2024లో పెద్దపల్లి నుంచి ఆయన కొడుకు వంశీకృష్ణ ఎంపీ అయ్యారు. దీన్ని సిద్ధాంత పోరాటం అనలేం. గని యజమాన్యం, గుత్తేదారు, నాయకుడు ఎవరైనా బొగ్గు నేలలో కుటుంబ బలం, డబ్బు బలం ముఖ్యం కావడం మనం చూస్తున్నదే. అయినా, మేనిఫెస్టో రాసే మనిషే ఆ పార్టీలో నిలవనప్పుడు ఆ మేనిఫెస్టోకు విలువెంత?

అలాగని బీజేపీని ఇక్కడ చిన్నదిగా చూడకండి. 2024లో పెద్దపల్లిలో ఆ పార్టీ అభ్యర్థి గోమాస శ్రీనివాస్ రెండో స్థానంలో నిలిచారు. సింగరేణి ప్రాంతాన్ని ఏళ్ళ తరబడి ఏలిన బీఆర్ఎస్ మూడో స్థానానికి పోయింది. 2025 మార్చిలో కరీంనగర్–నిజామాబాద్–ఆదిలాబాద్–మెదక్ పట్టభద్రుల, ఉపాధ్యాయుల ఎమ్మెల్సీ స్థానాలు రెండూ బీజేపీ గెలిచింది. మంచిర్యాల, పెద్దపల్లి చదువుకున్న ఓటర్లు అందులో ఉన్నారు. మరోవైపు 2023 డిసెంబర్ 27న జరిగిన సింగరేణి గుర్తింపు సంఘం ఎన్నికల్లో గెలిచింది ఏఐటీయూసీ. గని లోపల ఎర్రజెండాకు ఓటు, గని బయట కాషాయానికి ఓటు వేసే కుటుంబాలు పెరుగుతున్నాయని అర్థం. ఆ మార్పు మన దళితవాడల దాకా వచ్చిందా లేదా అన్నది ప్రతి కార్యకర్త తన వాడలో తానే చూసుకోవాలి.

రెండు రెక్కలు కలిసిన రోజు

చీలిక ఎక్కడ ఆగిపోతుందో తెలియాలంటే 2015 ఆగస్టు గుర్తుచేసుకోవాలి. హైదరాబాద్ కేంద్రీయ విశ్వవిద్యాలయంలో అంబేడ్కర్ స్టూడెంట్స్ అసోసియేషన్ మీద ఏబీవీపీ గొడవకు దిగినప్పుడు, కేంద్ర మానవ వనరుల మంత్రికి లేఖ రాసి ఆ విశ్వవిద్యాలయం జాతి వ్యతిరేక రాజకీయాలకు నిలయమైందని ఫిర్యాదు చేసింది అప్పటి కార్మిక మంత్రి బండారు దత్తాత్రేయ. దసరాకు అన్ని పార్టీల వాళ్ళనూ అలయ్ బలయ్‌కు పిలిచే సౌమ్యుడిగా పేరున్న మనిషి ఆయన. తర్వాత ఐదుగురు దళిత విద్యార్థులను హాస్టల్ నుంచి వెలివేశారు. 2016 జనవరి 17న రోహిత్ వేముల మనకు లేకుండా పోయాడు.

ఆ లేఖ వీధి నాయకుడు రాయలేదు. ప్రశ్న అడిగే దళిత విద్యార్థి ఎదురైనప్పుడు మృదువైన గొంతు, గట్టి గొంతు ఒకే మాట మాట్లాడాయి. సమరసతలో చోటు ఒప్పుకునే దళితుడికే తప్ప అడిగే దళితుడికి కాదని రోహిత్ తరానికి అప్పుడే అర్థమైంది.

కార్యకర్తలకు, విద్యార్థులకు

ఈ చీలికను ఎలా వాడుకోవాలి? ఇద్దరిలో ఎవరు కాస్త నయం అని తూకం వేయడం మన పని కాదని మా అభిప్రాయం. వాళ్ళు రాసుకున్న మాటను వాళ్ళ ముందే పెట్టడం మన పని.

బీఎంఎస్ కార్యకర్త ఎదురైతే: 2020 జూలైలో మీరు ఏ డిమాండ్ మీద సమ్మె చేశారో, దాన్ని ఇప్పటి బొగ్గు మంత్రి ముందు మళ్ళీ పెడతారా అని అడగండి. గని గేటు దగ్గర ఈ ప్రశ్నకు విలువుంది, ఎందుకంటే వాళ్ళలో చాలామంది నిజంగానే వేలాన్ని వ్యతిరేకించారు.

సమరసతా వేదిక వాళ్ళు వాడకు వస్తే: గుడి ప్రవేశంతో పాటు అర్చకత్వంలో, భూమిలో, ప్రైవేటు ఉద్యోగాల్లో వాటా గురించి ఒక తీర్మానం చేస్తారా అని అడగండి. తీర్మానాలు చేయడం వాళ్ళకు అలవాటైన పనే.

యాత్రలు చేసే నాయకుడు వస్తే: శ్రావణపల్లి వేలం మీద మీ మాటేమిటి అని ఒక్కటే అడగండి. జవాబు ఇచ్చినా ఇవ్వకపోయినా నలుగురికీ వినబడేలా అడగండి.

వర్గీకరణ పేరుతో ఓటు అడిగితే: ప్రైవేటుకు వెళ్ళే బ్లాకులో ఎస్సీ రిజర్వేషన్‌కు చట్టం తెస్తారా అని మాల, మాదిగ, నేతకాని యువకులు కలిసి అడగండి.

ఇవే ప్రశ్నలు కాంగ్రెస్‌ను, బీఆర్ఎస్‌ను కూడా అడగాలి. బొగ్గు నేలలో 51 శాతం వాటా ఉన్న రాష్ట్ర ప్రభుత్వానికి తప్పించుకునే దారి లేదు. కానీ ఒక పార్టీ తన పుస్తకంలో ఒకటి రాసి, మైకులో ఇంకొకటి చెప్పి, ఫైలు మీద మూడోదానికి సంతకం పెడుతున్నప్పుడు, ఆ మూడింటినీ ఒకే కాగితం మీద పక్కపక్కన రాసి చూపించేవాళ్ళు కావాలి. జైపూర్‌లో రాత్రంతా వెలిగే విద్యుత్ కేంద్రం పక్కనే మన వాడలున్నాయి. ఆ కాగితం ముందు అక్కడ చదవాలి.